చురుక్కుమనని ఎండ
(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి గుణగణాల గురించి నా ముందు మాట్లాడినవారు నాకంటే బాగా చెప్పారు. నేను మళ్లీ మొదలుపెడితే ఆయనే ఉంటే విసుక్కునేవారు. ఆయన బతుకంతా భౌతికశాస్త్రం చెప్పారు. నేను చర్మవ్యాధుల డాక్టరుగా బతికాను. ఈ రెండు చదువులూ కలిసే చోటు ఒకటుంది, అది ఎండ. నిర్వాహకులు విషయం నన్నే ఎంచుకోమన్నప్పుడు ఇంకేమీ తోచలేదు.

ఎండ గురించి తెలుగువాడికి ఒకరు చెప్పాలా అని మీరనుకోవచ్చు. నిజమే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనకు తెలుసు. వడదెబ్బ తెలుసు, మజ్జిగ తేట తెలుసు, జేబులో ఉల్లిపాయ వేసుకుని బయల్దేరే పెద్దలు తెలుసు. రెంటచింతలలో నిన్న ఎంత, రామగుండంలో ఎంత అని పేపరులో వెతుక్కోవడం తెలుసు. రథసప్తమినాడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసే జాతి మనది. అయితే ఈ జ్ఞానమంతా వేడిని గురించిన జ్ఞానం. చర్మాన్ని పాడుచేసే కిరణాలకు వేడి లేదు. అవి కంటికి కనపడవు, ఒంటికి తెలియవు. చెమట పట్టిందా లేదా అన్నదాన్ని బట్టి వాటిని అంచనా వేయలేం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి వివరణ.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడగొట్టి, ఎరుపుకు అవతల, రంగేమీ లేని చోట థర్మామీటరు పెడితే పాదరసం పైకి పాకింది. వేడి అక్కడుంది. ఆ సంగతి విన్న జర్మన్ యువకుడు యోహాన్ రిట్టర్, ఎరుపుకు అవతల ఒకటి ఉంటే ఊదాకు అవతలా ఏదో ఉండి తీరాలని మొండికేశాడు. యేనా పట్టణంలో, 1801లో, వెండి క్లోరైడు పూసిన కాగితాన్ని ఆ రంగుల వరుస కింద పెట్టాడు. వెలుగు తగిలితే నల్లబడే పదార్థం అది. ఊదారంగు పడిన చోట కంటే ఊదా అయిపోయాక, ఏ వెలుగూ కనపడని చోట అది ఇంకా త్వరగా నల్లబడింది. మాస్టారు ఈ కథ చెప్పేటప్పుడు 'ఏ వెలుగూ కనపడని చోట' అన్న దగ్గర ఆగి తరగతి మొత్తాన్ని ఒకసారి చూసేవారు. హెర్షెల్‌ది వేడి చేసే కొస, రిట్టర్‌ది నల్లబరిచే కొస. ఒకే ఎండకు రెండు కొసలు, రెండింటి స్వభావం వేరు.

రిట్టర్ పట్టుకున్న ఈ అతినీలలోహిత (యూవీ) కిరణాలను మూడు రకాలుగా విడదీస్తారు. 280 నానోమీటర్ల లోపు తరంగాలు సి రకం. వాటిని ఆకాశమే మింగేస్తుంది, మన దాకా రావు. 280 నుంచి 315 దాకా బి రకం. వీటిలో తొంభై పాళ్లు ఓజోన్ పొర ఆపుతుంది, మిగిలిన పదిపాళ్లే చర్మాన్ని కాల్చడానికి చాలు. 315 నుంచి 400 దాకా ఎ రకం. వీటికి ఓజోన్ అడ్డం కాదు, కిటికీ అద్దమూ పెద్ద అడ్డం కాదు. ఇవి చర్మంలో లోతుకు దిగి ముడతలకూ మచ్చలకూ కారణమవుతాయి. బి రకం కిరణం చర్మకణంలోని డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు మెట్లను ఒకదానికొకటి అతికించేస్తుంది. కణం దాన్ని కత్తిరించి సరిచేసుకుంటుంది, చాలాసార్లు సరిగ్గానే చేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ జరిగే ఈ మరమ్మతులో తప్పిపోయినవే క్యాన్సరుకు దారి. సూర్యరశ్మి మనుషుల్లో క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే తేల్చింది.

ఓజోన్ పొర అనగానే దుప్పటిలా మందంగా ఊహించుకుంటాం. ఆకాశంలో ఉన్న ఓజోనంతా తెచ్చి నేలమీద పరిస్తే మన ప్రాంతంలో రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు తేలుతుంది, అంతే. భూమధ్యరేఖ చుట్టుపక్కల అది ఎప్పుడూ పలచనే. దీన్ని ఓజోన్ రంధ్రంతో కలపకండి. 1985లో బయటపడ్డ రంధ్రం అంటార్కిటికాది, శీతల యంత్రాల వాయువులు చేసిన పని. 1987 మాంట్రియల్ ఒప్పందంతో ఆ వాయువులకు కళ్లెం పడింది. మన పలచదనం ప్రకృతిది, అనాదిగా ఉన్నది. పైగా సూర్యుడు నడినెత్తికి వస్తాడు. పలచని పొర, నిటారు కిరణం, ఈ రెండూ కలిసిన నేల మనది.

ఇక్కడ ఇద్దరి పేర్లు తలవకుండా ముందుకు వెళ్లడం నాకిష్టం లేదు. సి.వి.రామన్ శిష్యులు కె.ఆర్.రామనాథన్ అంతర్జాతీయ ఓజోన్ కమిషనుకు అధ్యక్షత వహించారు. అదే రామన్ ప్రయోగశాల నుంచి వచ్చిన అన్నా మణి వాతావరణ శాఖలో పనిచేస్తూ 1964 నాటికి దేశీయంగా ఓజోన్‌సోండ్ తయారు చేయించారు. బెలూనుకు కట్టి పైకి పంపితే ఏ ఎత్తున ఎంత ఓజోన్ ఉందో చెప్పే పరికరం అది. మన దేశంలో ఏ ఊళ్లో ఎంత ఎండ పడుతుందో లెక్కలు కట్టిన గ్రంథం కూడా ఆమె చేతి చలవే, 1980లో వచ్చింది. హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్లు ఓజోనును కొరికే వాయువుల నమూనాలను పై ఆకాశం నుంచి పట్టి తెచ్చాయి. ఇంత పని మన ఇంటి పక్కనే జరిగింది. మన పాఠ్యపుస్తకాలు మాత్రం ఓజోన్ అంటే అంటార్కిటికా బొమ్మ వేసి ఊరుకుంటాయి.

ఇక కొలత. కనపడనిదాన్ని జనానికి చెప్పడమెలా అన్న ప్రశ్నకు 1992లో కెనడా వాతావరణ శాస్త్రవేత్తలు ఒక జవాబు కనిపెట్టారు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని అందరికీ ఒకే కొలతగా చేశాయి. అదే యూవీ ఇండెక్స్. మీ ఫోనులో వాతావరణం చూసే చోట కిందికి జరిపితే కనపడుతుంది. చర్మాన్ని కాల్చే శక్తి చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లయితే ఒకటి. 2 దాకా భయం లేదు. 3 నుంచి జాగ్రత్త మొదలు. 6, 7 ఎక్కువ. 8 నుంచి 10 చాలా ఎక్కువ. 11 నుంచి తీవ్రం. మన వేసవి మధ్యాహ్నాలు, మబ్బు లేకపోతే, 11 దాటడం మామూలే. 12 అనుకోండి. అంటే 300 మిల్లీవాట్లు. తెల్లదొరసాని చర్మం ఆ ఎండలో పావుగంటలో కమిలిపోతుంది. మన చాయకు అంతకు రెండు మూడు రెట్లు సమయం పట్టొచ్చు. రెట్లే, రక్ష కాదు.

ఫోను లేనివాళ్లకు? వాళ్లకు మాస్టారు నేర్పిన పాఠం ఉంది. శుక్రవారం చివరి పీరియడు బయటకు తీసుకెళ్లి బడి ఆవరణలో మీటరు కర్ర పాతించేవారు. మరుసటి వారం అదే పని మధ్యాహ్నం. నీడ కొసన సుద్దముక్కతో గీత, గీత పక్కన వేళ, పుస్తకంలో పట్టిక. యూవీ ఇండెక్సు అప్పటికి పుట్టనేలేదు. కానీ ఆ కర్ర చాలు. నీడ కర్ర కంటే పొట్టిగా ఉందంటే సూర్యుడు 45 డిగ్రీల పైన ఉన్నాడని అర్థం, అంటే కాల్చే కిరణాలు జోరుగా దిగుతున్నాయని. నీడ సాగుతున్నకొద్దీ కిరణం వాతావరణంలో ఏటవాలుగా ఎక్కువ దూరం ప్రయాణించి నీరసపడుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. డిసెంబరు 21 ఏడాదిలో సూర్యుడు మనకు అన్నిటికంటే కిందుగా ఉండే రోజు. ఆ రోజు మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలు. ఆదిలాబాద్‌లో సుమారు 47. అంటే ఇచ్ఛాపురం నుంచి కుప్పం దాకా, ఆదిలాబాద్‌తో సహా, తెలుగు నేల మీద మధ్యాహ్నం మనిషి నీడ మనిషి కంటే పొడుగయ్యే రోజు సంవత్సరం మొత్తంలో ఒక్కటి కూడా లేదు. ఢిల్లీ వాళ్లకు ఆ సౌకర్యం ఉంది, మనకు లేదు. చలికాలం కదా అని మేడమీద మధ్యాహ్నం చాప వేసుకుని కూర్చునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇక హైదరాబాద్‌లో నీడ పూర్తిగా కాళ్లకిందికి వచ్చేసే రోజులు రెండు. ఒకటి మే 9 ప్రాంతం, అది మనం ఊహించేదే. రెండోది ఆగస్టు 3 ప్రాంతం, గొడుగు వాన కోసం పట్టుకుని తిరిగే కాలం. వాన వెలిసి, చల్లగాలి వీస్తూ, మబ్బుల మధ్య నుంచి ఎండ కాస్తుందే, అది మే నెల ఎండకు తమ్ముడే. పలచటి మబ్బు ఈ కిరణాల్లో పదో వంతు కూడా ఆపకపోవచ్చు.

వేడికీ ఈ కిరణాలకూ గడియారం కూడా వేరు. నేల కాగి, ఆ నేల గాలిని కాచేసరికి మధ్యాహ్నం రెండున్నర, మూడు అవుతుంది. వేడి అప్పుడు ఎక్కువ. కిరణాలకు ఆ ఆలస్యం లేదు. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికొచ్చేది 12:15 ప్రాంతంలో, వాటి శిఖరం కూడా అదే. దానికి మూడు గంటలు ఇటు 9:15, మూడు గంటలు అటు 3:15. ఈ రెండు వేళల్లో చర్మం మీద పడే కిరణాలు దాదాపు సమానం. ఒకటి మనకు హాయైన పొద్దు, రెండోది భగభగలాడే ఎండ. పొద్దున పదింటికి 'ఇంకా ఎండెక్కలేదు' అని పిల్లల్ని క్రికెట్‌కు పంపుతాం. సాయంత్రం నాలుగున్నరకు 'అమ్మో ఎండ' అని ఆపుతాం. కిరణాల లెక్కలో ఇది తలకిందుల పని.

ఒంటిపూట బడుల సంగతి ఇక్కడే చెప్పాలి. మార్చి సగంలో రెండు రాష్ట్రాల్లోనూ మొదలవుతాయి. పొద్దున ఎనిమిదింటికల్లా గంట కొడతారు, పన్నెండున్నరకు వదిలేస్తారు. వడగాడ్పు మొదలయ్యేలోపు పిల్లలు ఇంటికి చేరాలన్నది ఉద్దేశం. వేడి లెక్కన అది సరైన ఆలోచన, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఏడాది మొత్తంలో కాల్చే కిరణాలు శిఖరాన ఉండే నెలల్లో, రోజులో శిఖరాన ఉండే అరగంటలో, లక్షలాది పిల్లల్ని ఉత్త తలలతో రోడ్డు మీదికి వదులుతున్నామన్నది కూడా నిజం. పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని పరుగెత్తే పిల్లవాణ్ణి మీరు చూసే ఉంటారు. వాడు ఎవరూ చెప్పకుండానే సరైన పని చేస్తున్నాడు.

మన చర్మం సంగతికి వద్దాం. మెలనిన్ అనే రంగు పదార్థం మనకు పుట్టుకతో వచ్చిన గొడుగు. 1979లో అమెరికాలో చర్మపు పైపొరలు తీసుకుని కొలిచారు. తెల్లవారి పొర బి కిరణాల నుంచి మూడు రెట్లకు పైగా రక్షణ ఇస్తే, నల్లవారి పొర పదమూడు రెట్లు ఇచ్చింది. మనం ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటాం. అందుకే చర్మ క్యాన్సరు మన దగ్గర అరుదు. ఆస్ట్రేలియాలో డెబ్బయ్యేళ్లు వచ్చేలోపు ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సరు తేలుతుందని వాళ్ల లెక్క. ఉత్తరాది తెల్లచర్మం వెళ్లి మనలాంటి ఎండలో కాపురం పెడితే జరిగే పని అది. వాళ్లు 1981 నుంచి చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని టీవీలో సముద్రపు పక్షి బొమ్మతో పాట పాడించారు. అక్కడి చాలా బడుల్లో టోపీ లేకపోతే ఆటకు రానివ్వరు. మెల్‌బోర్న్‌లో ఉన్న మన పిల్లల పిల్లలు టోపీ పెట్టుకునే బడికి వెళ్తున్నారు. ఆ భయాన్ని ఇక్కడికి దిగుమతి చేయమని నేననను. మన నష్టాలు వేరు.

నా ఓపీలో చూసినవి చెబుతాను. మంగు మచ్చలు, మొదటి వరస. బుగ్గల మీద, నుదుటి మీద గోధుమరంగు పొరలా వస్తాయి, ఆడవారిలో ఎక్కువ. ఏ మందు ఇచ్చినా ఎండ మానకపోతే తిరిగి వస్తాయి. లారీ డ్రైవర్ల చేతులు పక్కపక్కన పెట్టించి చూడండి. కిటికీవైపు కుడిచెయ్యి మోచేతి కింద నల్లగా, గరుకుగా, ఎడమచేతి కంటే పదేళ్లు పెద్దదిగా ఉంటుంది. ముఖం మీద నిమ్మకాయ రుద్దుకుని ఎండలోకి వెళ్లి, మూడోనాటికి నల్లటి చారికలతో వచ్చే ఆడపిల్లలు మరో వరస. నిమ్మ రసంలో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలున్నాయి. బావంచాల్లోనూ అలాంటివే ఉన్నాయి. బొల్లికి బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోమని ఎవరో చెబుతారు. ఎంతసేపో చెప్పరు. ఒళ్లంతా బొబ్బలతో వస్తారు. ఆ గుణాన్నే వైద్యం తూకం వేసి, నిమిషాలు లెక్కపెట్టి వాడుతుంది. పుట్టుకతో ఒంటికి రంగు లేని పిల్లల సంగతి వీటన్నిటికీ వేరు. వాళ్లకు మెలనిన్ గొడుగే లేదు. వాళ్ల విషయంలో ఆస్ట్రేలియా భయం అక్షరాలా వర్తిస్తుంది. ఆ పిల్లల్ని నాట్లకూ కోతలకూ పంపకండి, బళ్లో కిటికీ పక్కన కూర్చోబెట్టకండి.

ఇంత చెప్పాక ఎవరో ఒకరు విటమిన్ డి అడుగుతారు. అడగాలి కూడా. తిరుపతి స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు రాయలసీమ పల్లెల్లోనూ పట్నంలోనూ చూసి, ఇంత ఎండ ఉన్న చోట కూడా ఆ విటమిను కొరత విస్తారంగా ఉందని చెప్పారు. ఆ అక్షాంశంలో చర్మం దాన్ని బాగా తయారుచేసే వేళ పదకొండు నుంచి రెండు దాకా అనీ తేల్చారు. చిక్కు ఇక్కడే. మేలు చేసే కిరణమూ కాల్చే కిరణమూ ఒకటే, బి రకం. లేత పొద్దుటి ఎండకు మనసు తేలికపడొచ్చు, విటమిన్ డి పెద్దగా రాదు. నా సలహా ఏమిటంటే, చేతులూ ముంజేతులూ కాసేపు చూపించండి, ముఖం దాచుకోండి, కొరత తేలితే మాత్ర వేసుకోండి. మాత్ర చవక.

కాపాడుకోవడం గురించి అడిగితే ఈ రోజుల్లో అందరూ ముందు క్రీము పేరు చెబుతారు. నేను చివర చెబుతాను. ముందు నీడ. అయితే నీడ కూడా సగం కిరణాలనే ఆపవచ్చు, మిగతావి ఆకాశం నుంచీ ఇసుక నుంచీ చెదిరి వస్తాయి. తర్వాత బట్ట. గుంటూరు వైపు మిరపకోతకు వెళ్లే ఆడవాళ్లను చూడండి. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా, మెడదాకా బొత్తాలు, తల చుట్టూ తువ్వాలు, దాని కొస చెవుల మీదుగా దవడ కిందికి. ఏ కంపెనీ కూడా దీనికంటే మంచి రక్షణ అమ్మడం లేదు. బట్ట ఎంచుకోవడానికి ఒక్క పరీక్ష చాలు. వెలుగుకు ఎత్తి పట్టుకోండి. అవతల వేళ్లు కనపడితే కిరణాలు కూడా అంతే సులువుగా వస్తాయి. పలచటి తెల్ల నూలు లాల్చీ వేడికి హాయి, కిరణాలకు గేటు తీసినట్టే. తడిస్తే ఇంకా అన్యాయం. నేత దగ్గరగా ఉండాలి, ముదురురంగు మరీ మంచిది. క్రికెట్ టోపీ చెవులనూ మెడనూ వదిలేస్తుంది, చుట్టూ అంచున్న టోపీ కావాలి. కంటికి అద్దాలు కావాలి, శుక్లాలకూ ఈ కిరణాలకూ సంబంధముంది.

ఆ తర్వాత క్రీము. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 30 అని రాసి ఉంటే ముప్పైలో ఒక వంతు కిరణాలే లోపలికి వస్తాయని అర్థం, 50 అయితే యాభైలో ఒక వంతు. రెంటికీ తేడా డబ్బాల మీద కనపడినంత పెద్దది కాదు. ఆ అంకె చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాములు పూసి తీసింది. మనం అందులో సగం కూడా పూయం. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ ఒక పూట. రెండు గంటలకోసారి మళ్లీ. ఇంటిల్లిపాదికీ ఇలా పూస్తే నెలకు ఎంతవుతుందో లెక్క వేసుకోండి. అది కూలి చేసుకునేవారి వస్తువు కాదు. మంగు ఉన్నవారికి, బొల్లి ఉన్నవారికి, రంగు లేని పిల్లలకు మాత్రం అది సోకు కాదు, మందు. వారికి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇవ్వాలని నా వాదన.

దుకాణాల్లో దీన్ని అమ్మే తీరు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎండలోకి వెళ్తే నల్లబడతావు, నల్లబడితే పెళ్లి కాదు, అందుకని ఇది పూసుకో. ప్రకటనల సారాంశమంతా ఇదే. నల్లబడటం జబ్బు కాదు, చర్మం తనను తాను కాపాడుకుంటున్న గుర్తు. ఈ తెలుపు పిచ్చి వల్ల జరిగిన అసలు నష్టం, ఎండ నుంచి రక్షణ అనేది పెళ్లికావలసిన ఆడపిల్లల వ్యవహారమైపోయింది. ఉప్పు మడిలో పనిచేసే మగవాడికి, ట్రాఫిక్ కానిస్టేబులుకు, రోడ్డు మీద తారు పోసేవాడికి అది తనకోసం కాదనిపించింది. ఎక్కువ అవసరం ఉన్నది వాళ్లకే.

నిర్వాహకులు నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. ఒక విన్నపం చేసి ముగిస్తాను. కేరళలో విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాల్లో యూవీ మీటర్లు పెట్టి రోజూ అంకె ప్రకటిస్తోంది. మన పత్రికలవారు ఉష్ణోగ్రతల పట్టికలో ఒక గడి పెంచి ఆ అంకె వేయవచ్చు, పెద్ద ఖర్చు లేదు. ఈ సభలో చాలామంది ఉపాధ్యాయులున్నారు. వచ్చే మార్చిలో ఒంటిపూట బడుల ఉత్తర్వు వస్తుంది. పైనుంచి చెప్పేదాకా ఆగకుండా, పన్నెండున్నర గంట కొట్టేముందు ప్రతి పిల్లవాడి తల మీద టోపీయో, తువ్వాలో, గొడుగో ఉందా అని ఒక్కసారి చూసి వదలండి. మాస్టారి పేరున ఈ సంఘం ఏటా ఇచ్చే బహుమతి డబ్బుతో ఈసారి షీల్డు బదులు మీటరు కర్రలు కొని బడులకు పంచాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను.